సందర్భం అంటే ఎవరి సందర్భం? డప్పు, దేవుడు, తెలుగు దళిత క్రైస్తవం

చర్చిలో హార్మోనియం, తబలా మోగడం పాత సంగతి. ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ లేని ఆరాధన పల్లెల్లో కూడా అరుదు. మరి డప్పు? ఈ ప్రశ్న వేస్తే చాలా సంఘాల్లో ముందు నిశ్శబ్దం, ఆ తర్వాత వాదన. అది గ్రామదేవతల ముందు కొట్టేదని ఒకరంటారు. చావుకు కొట్టేదని మరొకరంటారు. మా తాతల చేత ఊరు వెట్టికి కొట్టించిన దాన్ని మళ్ళీ ఎందుకు ముట్టాలని ఇంకొకరంటారు. అది మన గొంతు, దాన్ని గడప బయట వదిలేసి మనం మాత్రం లోపలికి ఎట్లా వచ్చామని యువకులు అడుగుతారు.

ఈ నాలుగు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఇది వాద్యం గురించిన తగాదా అనుకుంటే పొరపాటు. ఒక మతం కొత్త నేలకు వచ్చినప్పుడు అక్కడి సంస్కృతిలో దేన్ని తీసుకోవాలి, దేన్ని వదలాలి, ఆ సంగతి ఎవరు తేల్చాలి అన్నదే అసలు ప్రశ్న. క్రైస్తవ వేదాంత కళాశాలల్లో దీన్ని సందర్భీకరణ అంటారు. అంటే సువార్తను ఆయా ప్రజల భాషలో, ఆచారాల్లో, అనుభవంలో అర్థం చేసుకుని చెప్పడం. ఈ చర్చలో ప్రపంచమంతా చదివిన పేర్లలో ఒకటి మన శంషాబాద్‌లో పుట్టింది. అయినా ఆ చర్చ మహేశ్వరం, శంషాబాద్ చుట్టుపక్కల దళితవాడల దాకా వచ్చేసరికి ఒక మాట దగ్గర ఆగిపోతుంది. ఆ మాట కులం. దళిత క్రైస్తవ చరిత్ర మీద పరిశోధన చేస్తున్న మాకు అర్థమైనంతలో, ఈ నేల మీద సందర్భం అంటే ముందు కులం, తర్వాతే సంస్కృతి. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది

మిషనరీల తొలినాళ్ళ నుంచీ సర్దుబాటు ఉంది. అయితే అప్పట్లో అదొక ప్రచార పద్ధతి. విషయం యూరప్‌ది, పైన కట్టే బట్ట మాత్రం ఇక్కడిది. 1972లో తైవాన్ వేదాంతి షోకీ కో ఈ ధోరణిని ప్రశ్నించారు. వేదాంత విద్యకు నిధులిచ్చే ఒక అంతర్జాతీయ సంస్థ తరఫున పనిచేస్తూ ఆయన సందర్భీకరణ అన్న మాటను ముందుకు తెచ్చారు. పాత సంప్రదాయానికి సర్దుకోవడం చాలదు, ఇప్పుడు జరుగుతున్న మార్పును, న్యాయం కోసం సాగే పోరాటాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అప్పటికి లాటిన్ అమెరికాలో విమోచన వేదాంతం, అమెరికాలో నల్లజాతి వేదాంతం పుట్టాయి. దేవుణ్ణి గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో చెప్పాలని అవి పట్టుబట్టాయి.

కాబట్టి ఈ మాట పుట్టినప్పుడే అందులో రెండు పాయలున్నాయి. ఒకటి సంస్కృతి వైపు చూస్తుంది: భాష, పాట, పండగ, పెళ్ళి, చావు. రెండోది అధికారం వైపు చూస్తుంది: భూమి, కూలి, జాతి, కులం. మన దేశంలో చాలాకాలం మొదటి పాయే పారింది.

శంషాబాద్‌లో పుట్టిన మానవశాస్త్రవేత్త

విమానాశ్రయం ఉత్తరాన, మహేశ్వరం దక్షిణాన ఉన్న ఈ పట్టీ ఇప్పుడు రియల్ ఎస్టేట్ బోర్డులతో నిండిపోయింది. నిజాం కాలంలో శంషాబాద్ ఒక మిషన్ కేంద్రం. మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ అటు నల్గొండ, ఇటు మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పనిచేసింది. ఆ సంఘం వాళ్ళ బైబిల్ కళాశాల శంషాబాద్‌లోనే ఉంది. ఆ మిషన్ కుటుంబంలో 1932లో శంషాబాద్‌లో పుట్టినవారు పాల్ హీబర్ట్. తర్వాత 1960లలో తానూ మిషనరీగా ఈ ప్రాంతంలో పనిచేసి, మానవశాస్త్రం చదివి, అమెరికాలో ఫుల్లర్, ట్రినిటీ వేదాంత విద్యాసంస్థల్లో బోధించారు. మహబూబ్‌నగర్ వైపు పల్లెపై ఆయన రాసిన 'కొండూరు' పుస్తకం 1971లో వచ్చింది. 2007లో చనిపోయారు.

హీబర్ట్ ఆలోచనల్లో మూడు మనకు ముఖ్యం. మూడింటి వెనకా తెలుగు పల్లె ఉంది.

మొదటిది దేవుడు అన్న మాట గురించి. 1978లో రాసిన ఒక వ్యాసంలో ఆయన పాపయ్య అనే చదువురాని రైతును ఊహించి ఒక ప్రశ్న వేస్తారు. సువార్త ఒక్కసారి విన్న పాపయ్య క్రైస్తవుడు కాగలడా? ఎంత తెలిస్తే అయినట్టు? పాపయ్య చెవిన పడేది దేవుడు అన్న తెలుగు మాట. ఆ మాటకు పల్లెలో ఒక అర్థం ముందే ఉంది. దేవతలు, రాక్షసులు, మనుషులు, జంతువులు ఒకే జీవపు నిచ్చెన మీద వేర్వేరు మెట్లు. బైబిల్లోని సృష్టికర్త ఆ నిచ్చెన మీద ఉండడు. మాట అదే, లోకం వేరు. ఎంత తెలుసు అన్నది కాదు, ఎటు తిరిగాడన్నది చూడాలని హీబర్ట్ జవాబు.

ఆ నిచ్చెన మాటను దళిత పాఠకులు వినగానే ఇంకోటి గుర్తొస్తుంది. దేవతలకూ జంతువులకూ మధ్య మనుషుల మెట్టు ఒకటి కాదు. దానిలోపల మళ్ళీ మెట్లున్నాయి. దేవుడు ఆ నిచ్చెనకు బయట ఉన్నాడన్న వార్త వాడలో చేరినప్పుడు, అది తత్త్వశాస్త్రంలా వినపడి ఉండదు. నిచ్చెన దేవుడు వేసింది కాదన్న సంగతిగా వినపడి ఉంటుంది.

రెండోది, 1982లో ఆయన రాసిన వదిలేసిన మధ్యభాగం అన్న వాదన. పాశ్చాత్య చదువు లోకాన్ని రెండంతస్తులు చేసింది. కింద సైన్సు, పైన పరలోకం. రోగం, దిష్టి, చేతబడి, పూర్వీకులు, పొలిమేర దేవతలు ఉండే మధ్య అంతస్తు ఖాళీ. పల్లె మనిషి ప్రశ్నలన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి మిషనరీ దగ్గర జవాబు ఉండదు.

దీని పక్కన ఆయనే వేరేచోట చెప్పిన ఒక సంఘటన పెట్టి చూడాలి. ఒక పల్లెలో మశూచి వచ్చింది. దేవత కోపించిందని, దున్నపోతును బలివ్వాలని తేల్చారు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వసూలు చేశారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. దాంతో బావి నీళ్ళు ముట్టనివ్వలేదు, దుకాణంలో సరుకులు అమ్మలేదు. చివరికి క్రైస్తవుల ఇంట్లోనే ఒక ఆడపిల్లకు జబ్బు చేస్తే, సంఘ పెద్ద మైళ్ళు నడిచి ప్రార్థన కోసం శంషాబాద్ వచ్చాడు. ఆ పిల్ల బతకలేదు.

ఈ సంఘటనను హీబర్ట్ ముఖ్యంగా స్వస్థత, దైవశక్తి, విశ్వాసం అనే ప్రశ్నలుగా చర్చించారు. అది న్యాయమే, ఒక తండ్రికి అప్పుడు ఉండే ప్రశ్న అదే. కానీ ఈ వెబ్‌సైట్ చదివేవాళ్ళు ఇదే కథను మరో పేరుతో గుర్తుపడతారు. నీళ్ళు బంద్, సరుకులు బంద్ అంటే సాంఘిక బహిష్కరణ. దున్నను ఎవరు కోయాలి, ఎవరు మోయాలి, ఎవరు డప్పు కొట్టాలి అన్నది పల్లెలో ముందే రాసిపెట్టి ఉంటుంది. బలికి చందా ఇవ్వకపోవడం మతం మాటే కాదు, ఊరు ఇచ్చిన చోటును కాదనడం కూడా. హీబర్ట్ చెప్పిన మధ్య అంతస్తులో ఆత్మలతో పాటు కులం కూడా కాపురముంది.

మూడోది విమర్శనాత్మక సందర్భీకరణ. ఇది 1987లో వచ్చిన వ్యాసం. పాత ఆచారాలను గుడ్డిగా కాదంటే అవి చాటుకు వెళ్ళి బతుకుతాయి. పగలు చర్చి, రాత్రి మంత్రగాడు. గుడ్డిగా ఒప్పుకుంటే సువార్తకు పదును పోతుంది. అందుకని ఆయన దశలు చెప్పారు. ముందు ఆ ఆచారం గురించి తీర్పు చెప్పకుండా సంఘమంతా కూర్చుని సమాచారం సేకరించాలి. తర్వాత ఆ విషయంపై బైబిల్ చదవాలి. ఆపైన తమ పాత ఆచారాన్ని ఆ వెలుగులో సంఘమే పరీక్షించి ఉంచాలా, వదలాలా, మార్చాలా తేల్చాలి. చివరికి కొత్త ఆచారం ఏర్పరచుకోవాలి. ఇందులో గొప్ప సంగతి, నిర్ణయం మిషనరీది కాదు, సంఘానిది. లోటు ఏమిటంటే, ఊరికి ఒక సంస్కృతి ఉన్నట్టు, సంఘమంతా ఒక్క చాప మీద కూర్చున్నట్టు ఈ పద్ధతి అనుకుంటుంది. కొండూరు కులాలను అంత వివరంగా రాసిన మనిషి పద్ధతిలో కులానికి ఒక దశ లేదు. ఆ దశను కలపాల్సింది మనమే.

భారతీయం అంటే ఎవరిది

ఆ దశ లేకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1606లో మదురైకి వచ్చిన జెసూట్ రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, శాకాహారం తిని, సంస్కృతం నేర్చి రోమన్ బ్రాహ్మణుడిగా బతికారు. జంధ్యం, పిలక సామాజిక చిహ్నాలే, మతచిహ్నాలు కావని వాదించారు. 1623లో పోపు షరతులతో అనుమతి ఇచ్చారు. తర్వాత అంటరాని కులాల కోసం వేరే రకం గురువులను ఏర్పాటు చేశారు. అంటే సర్దుబాటు బాగానే జరిగింది, కులంతో.

తెలుగులోనూ ఇదే దారి. విశాఖలో లండన్ మిషనరీలు బైబిల్ అనువాదం మొదలుపెట్టినప్పుడు వాళ్ళకు తోడు నిలిచిన ఆనందరాయర్ బ్రాహ్మణ పండితుడు, క్రైస్తవం తీసుకున్నవాడు. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటి నుంచి మన క్రైస్తవ మాటలు చూడండి. బైబిలేమో సత్యవేదం. చదివేదేమో వేదాంత కళాశాలలో. కాథలిక్కులకు బలిపూజ, గురువు. పాస్టరును అయ్యగారు అంటాం. వేదం వినడానికే అర్హత లేదన్నవాళ్ళ మనవలు వేదాంత పట్టాలు తీసుకోవడంలో ఒక తీపి ప్రతీకారం ఉంది, కాదనం. కానీ ఆ మాటలతో పాటు వాటి మడి కూడా కొంత వచ్చింది.

పాటల సంగతీ అంతే. పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన గొప్ప కీర్తనకారుడు. ఆయన పాటలు ఇవాళ్టికీ దళితవాడల్లో నోటికి వస్తాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చై ఉంటాయి. కర్ణాటక సంగీతం చర్చిలోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. డప్పు దరువుకు మాత్రం ఇంకా అనుమతి కావాలి. రెండూ ఈ నేలవే. రెండూ క్రైస్తవానికి ముందువే. రెండూ వేరే దేవుళ్ళ ముందు మోగినవే. తేడా ఎక్కడుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో దేశీ వేదాంతం గట్టిగా వినపడింది. నెల్లూరులో పుట్టిన న్యాయమూర్తి పాండిపెద్ది చెంచయ్య, ఆయన మద్రాసు మిత్రులు కలిసి 1938లో భారతదేశంలో క్రైస్తవాన్ని తిరగదోడే వ్యాసాల పుస్తకం తెచ్చారు. పాశ్చాత్య చర్చి చట్రం మాకొద్దని ధైర్యంగా చెప్పిన పుస్తకం అది. రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో అమలోర్పవదాస్ నాయకత్వంలో కాథలిక్కులు పన్నెండు మార్పులు తెచ్చారు: చెప్పులు విడవడం, హారతి, అంజలి వగైరా. తెల్లదొరతనం మీద ఈ తిరుగుబాట్లు నిజమైనవే. అయితే వాళ్ళు తెచ్చిన భారతీయత చాలావరకు ఉపనిషత్తులది, ఆశ్రమాలది, గుడిలోపలిది. గుడి బయట నిలబెట్టిన మనుషుల భారతీయత ఆ జాబితాల్లో చేరలేదు. అప్పటికే మన చర్చిల్లో కూర్చున్నవాళ్ళలో అత్యధికులు ఆ బయటి మనుషులే.

చెప్పులు కుట్టేవాళ్ళు చేసిన వేదాంతం

ఇదంతా పుస్తకాల్లో నడుస్తుండగా, వాడల్లో ఇంకోటి నడిచింది. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవానికి ముందు రాజయోగ మార్గంలో సాధన చేసినవాడు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు సువార్త విని, తానే వెతుక్కుంటూ మిషనరీల దగ్గరకు వచ్చాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ కోసం తిరిగిన దారుల్లోనే, చుట్టరికాల వెంట ఆ మాట ఊరూరా పాకింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు చరిత్రలో పెద్దదైంది కానీ, ఉద్యమానికి కాళ్ళు పేరయ్యలాంటివాళ్ళవి. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ మనుషుల కథలను 1899లో ఒక పుస్తకంగా తెచ్చారు. చెప్పులు కుడుతూ అని దాని పేరు.

1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనులు, ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇది చాలామందికి తెలిసిన కథ. తక్కువగా చెప్పుకునేది, చేరినవాళ్ళ ముందు పెట్టిన మూడు షరతులు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. బయటి నుంచి చూస్తే ఇవి మిషనరీ ఆంక్షలు. లోపలి నుంచి చూస్తే? ఆదివారం పనికి రానంటే వెట్టికి ఏడోవంతు కోత పడ్డట్టు. చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊరు ఇచ్చిన కులవిధి కాదన్నట్టు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పండగే ఆగినట్టు. అందుకే కరణాలకు, పెత్తందార్లకు కోపం వచ్చింది. అందుకే దెబ్బలు, నీళ్ళ కట్టడి.

కాబట్టి ఆనాడు మాదిగలు డప్పును పక్కన పెట్టడం సంస్కృతిని పోగొట్టుకోవడం అని తేల్చేయడం తొందరపాటు. అది సమ్మె. వాద్యాన్ని కాదు, దానికి కట్టిన తాడును తెంపారు. సందర్భీకరణ అన్న మాట పుట్టడానికి నూరేళ్ళ ముందే ఒక సంఘం తన ఆచారాలను తానే పరీక్షించుకుంది. ఏది ఉంచాలో, ఏది విడవాలో బతుకుతో తేల్చింది.

తర్వాతి తరాలకు వచ్చేసరికి సమ్మె మరుగునపడి, అసహ్యం మిగిలింది. ఎందుకు వదిలామో మరచిపోతే, వదిలింది నీచం కాబట్టే వదిలాం అనిపిస్తుంది. చిక్కు అక్కడ మొదలైంది.

దళిత వేదాంతం అడిగిన ప్రశ్న

1981లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం ఈ మౌనాన్ని బద్దలుకొట్టింది. తర్వాత చెన్నై గురుకుల్ లూథరన్ కళాశాలలో దళిత వేదాంత విభాగానికి ఆయనే రూపమిచ్చారు. భారతీయ క్రైస్తవ వేదాంతం ఇన్నాళ్ళూ బ్రాహ్మణీయ సంప్రదాయంతోనే మాట్లాడిందని, చర్చిలో ఎక్కువమంది అయిన దళితులతో మాట్లాడలేదని ఆయన విమర్శ. ద్వితీయోపదేశకాండంలో ఇశ్రాయేలీయులు తమ దాస్యాన్ని చెప్పుకున్నట్టు, దళితులు తమ బాధ నుంచే తమ విశ్వాస ప్రకటన రాసుకోవాలన్నారు.

తెలుగువాళ్ళు ఈ పనిలో మొదటి నుంచీ ఉన్నారు. కె. విల్సన్ 1982లో హైదరాబాద్ నుంచి తెచ్చిన పుస్తకం దళిత క్రైస్తవులను రెండుసార్లు పరాయివాళ్ళైనవాళ్ళు అంది. ఊరు కులం పేరుతో వెలివేసింది. చర్చి మిషనరీ సంస్కృతి పేరుతో సొంత మూలాల నుంచి దూరం చేసింది. దయం జోసెఫ్ ప్రభాకర్ 2010లో వచ్చిన ఒక సంకలనంలో దళితవాడల గొంతెమ్మ నుంచి దేవునిలోని స్త్రీ రూపాన్ని ఆలోచించారు. గొంతెమ్మ కోరిక అంటే తీరని కోరిక అని వెక్కిరింపుగా వాడే తెలుగు నుడికారం. వాడ దేవత కోరికను ఊరు ఎందుకు వెక్కిరించిందో అడగడమే అక్కడ వేదాంతం. తమిళ పల్లెల అనుభవం నుంచి సత్యనాథన్ క్లార్క్ 1998 పుస్తకంలో పరై వాద్యాన్ని క్రీస్తును అర్థం చేసుకునే ప్రతీకగా తీసుకున్నారు. రాయడానికి అక్షరం ఇవ్వని సమాజంలో పరైయర్లు తమ దైవానుభవాన్ని దరువులో దాచుకున్నారన్నది ఆయన వాదన.

దళిత వేదాంతం మీదా విమర్శ ఉంది. పెనియేల్ రాజ్‌కుమార్ 2010లో, ఇంత రాసినా పల్లె సంఘాల్లో ఎందుకు కదలిక తక్కువని సూటిగా అడిగారు. మాకు కనిపించే ఒక కారణం, సెమినరీలో దళితుడు అని ఒక్క మాటగా చెప్పేది వాడలో మాల, మాదిగ అని రెండుగా బతుకుతుంది. గుంటూరు లూథరన్లలో మాలలు, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువవడం మిషన్ల చరిత్ర. కానీ ఇవాళ రెండు వాడల మధ్య పెళ్ళి కుదరకపోవడం, సంఘ పదవుల దగ్గర గుంపులు కట్టడం మిషనరీల మీద తోసేయలేని మన సంగతి.

డప్పు తిరిగొచ్చిన దారి

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం దాన్ని దండోరా అన్నారు. నూటపాతికేళ్ళ కిందట ఏ ఒంగోలు ప్రాంతంలో డప్పు కొట్టమని మాదిగలు నిరాకరించారో, అక్కడే డప్పు భుజాన వేసుకుని, పేరు చివర మాదిగ అని చేర్చుకుని వీధిలోకి వచ్చారు. తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలకు డప్పే గుండె అయింది.

ఈ రెండు చర్యలు ఒకదానికొకటి వ్యతిరేకంలా కనిపిస్తాయి. లెక్క ఒక్కటే. అప్పుడు ఊరు కొట్టమంటే కొట్టలేదు. ఇప్పుడు ఊరు వద్దన్నా, తమ కోసం కొట్టారు. డప్పు మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఎవరి ఆజ్ఞ మీద మోగుతోంది అని అడిగితే దొరుకుతుంది.

ఇదే కొలత వేరే ఆచారాలకూ పెట్టాలి. మన సంస్కృతి అన్న ఒక్క కారణంతో అన్నీ మోయలేం. ఎల్లమ్మ పేరుతో దళిత ఆడపిల్లలను జోగినులుగా వదిలిన ఆచారం కూడా సంస్కృతే. 1988లో రాష్ట్రం చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. అదే సంప్రదాయాల్లోంచి మాతంగి కూడా వచ్చింది. అగ్రకులాల వాళ్ళను తిట్టి, మీద ఉమ్మే హక్కున్న మాదిగ స్త్రీ గురించి ఎమ్మా క్లౌ కూడా రాశారు. ఒకచోట స్త్రీ శరీరం మీద ఊరి పెత్తనం. ఇంకోచోట కనీసం ఒక్కరోజుకైనా తలకిందులైన పెత్తనం. రెంటినీ ఒకే గంపలో వేసి సంస్కృతి అని ఎత్తుకోవడం గాని, అన్యాచారం అని పారేయడం గాని పరిశీలన కాదు.

ఆదివారం మాట, కోర్టు మాట

ఇది వేదాంతుల గొడవ, ఉద్యమానికేం సంబంధం అనుకునేవాళ్ళు చట్టం వైపు చూడాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు.

1985లో సుప్రీంకోర్టుకు వచ్చిన సూసై ఎవరో కాదు, మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి. చెప్పులు కుట్టేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే బంకు, క్రైస్తవుడన్న కారణంతో ఆయనకు రాలేదు. మతం మారాక కూడా కులపు అణచివేత అదే తీవ్రతతో కొనసాగుతోందని రుజువులు చూపలేదని కోర్టు ఆయన వాదన తోసిపుచ్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయమంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒకరు అత్యాచార నిరోధక చట్టం కింద పెట్టిన కేసును, క్రైస్తవుడికి ఆ రక్షణ వర్తించదంటూ కొట్టేసింది.

ఈ తర్కం మొత్తం ఒక్క వాక్యం మీద నిలబడింది: క్రైస్తవంలో కులం లేదు. ఆ వాక్యం మన పాస్టర్లు ప్రతి ఆదివారం చెప్పేదే. క్రీస్తులో కులం ఉండకూడదు అన్నది విశ్వాసం. సంఘంలో కులం లేదు అన్నది అబద్ధ సాక్ష్యం. రెంటినీ కలిపి చెప్పిన ప్రతిసారీ సూసైకి వ్యతిరేకంగా ఒక సాక్షి పెరుగుతాడు. కులం గురించి మౌనంగా ఉండే వేదాంతం ఆధ్యాత్మికంగా కనపడొచ్చు, దాని ఖర్చు మాత్రం సర్టిఫికెట్ కోసం రెండు పేర్లతో బతికే పిల్లలు కడతారు. 1985లో కారంచేడులో ఆరుగురిని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపినవాళ్ళు, చంపబోయే ముందు ఎవరిదే మతమని అడగలేదు. అంబేడ్కర్ కూడా మతం మారిన అంటరానివాళ్ళ గురించి రాస్తూ, చర్చి కులాన్ని కడిగేయలేకపోయిందని ఎప్పుడో నిలదీశారు.

సంఘంలో కూర్చుని అడగాల్సినవి

హీబర్ట్ చెప్పిన దశలు పనికిరావని మేం అనడం లేదు. సంఘం కలిసి కూర్చోవడం, తొందరపడి తీర్పు చెప్పకపోవడం, వాక్యం ముందు పెట్టుకుని ఆలోచించడం మంచి పద్ధతి. దానికి మన చరిత్ర నేర్పిన నాలుగు ప్రశ్నలు కలపాలి. ఏ ఆచారం చర్చకు వచ్చినా, డప్పైనా, బోనమైనా, చావు దినాలైనా, పెళ్ళి పద్ధతైనా ఇవి అడగొచ్చు.

ఒకటి, ఈ ఆచారాన్ని ఎవరు చేసేవాళ్ళు, ఎవరి కోసం చేసేవాళ్ళు? ఇష్టంతోనా, వెట్టితోనా?

రెండు, దీన్ని మన పెద్దలు ఎందుకు వదిలారు? మిషనరీ వద్దన్నాడనా, ఊరి తాడు తెంపుకోవడానికా? ఇది తెలియాలంటే సంఘంలో ముసలివాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి. విద్యార్థులు చేయగలిగిన పరిశోధన ఇది. ఆ తరం పోతే మళ్ళీ దొరకదు.

మూడు, తేల్చే గుంపులో ఎవరున్నారు? పాస్టరు, కమిటీ మగవాళ్ళు మాత్రమేనా? మాల, మాదిగ ఇద్దరూ ఉన్నారా? బయటి ఉద్యోగాల్లో స్థిరపడి ఆదివారం కారులో వచ్చేవాళ్ళ మాటే చెల్లుతోందా?

నాలుగు, దీన్ని చర్చిలోకి తెచ్చాక చర్చి బయట ఏం మారుతుంది? క్రిస్మస్ కార్యక్రమంలో ఒక్క పాటకు డప్పు కొట్టి ఫొటో దిగితే అది అలంకరణ. సమాధుల స్థలం కోసం, కూలి కోసం, వాడ మీద దాడి జరిగినప్పుడు అదే డప్పు సంఘాన్ని రోడ్డు మీదకు పిలిస్తే అది ఆరాధన.

ఈ ప్రశ్నలకు అన్ని సంఘాల్లో ఒకే జవాబు రాదు. ఒక సంఘం డప్పును తెచ్చుకోవచ్చు. ఇంకో సంఘంలో ముసలివాళ్ళు, మా చేతులు ఇంకా ఆ దెబ్బలు మరిచిపోలేదు, వద్దు అనొచ్చు. ఆ వద్దు కూడా గౌరవించాల్సిందే, కారణం నీచమన్న సిగ్గు కాకుండా స్వేచ్ఛ అయినంతవరకు. పక్క సంఘం చూసి నేర్చుకోవాల్సింది జవాబును కాదు, అడిగే పద్ధతిని.

సువార్త ప్రతి సంస్కృతిలోనూ ఇల్లు కట్టుకోగలదని సందర్భీకరణ పాఠాలు చెబుతాయి. మన దగ్గర ఆ ఇల్లు ఊళ్ళో కట్టాలా వాడలో కట్టాలా అన్నది ఇంకా తేలలేదు. నజరేతు నుంచి మంచిదేదైనా రాగలదా అని అడిగిన లోకంలోనే యేసు పెరిగాడు. మన వేదాంతం ఆ ప్రశ్నను అడిగేవాళ్ళ పక్కన కూర్చోవాలా, అడిగించుకున్నవాళ్ళ పక్కన కూర్చోవాలా అన్నది మన సంఘాలు తేల్చుకోవాలి.